పాత ర్యాక్ ప్రీయాంపులు: ఎంపీ-1, జేఎంపీ-1, ట్రైయాక్సిస్ గొంతుల్లో తేడా ఎక్కడ పుడుతుంది

పాత ర్యాక్ ప్రీయాంపుల (గిటార్ సిగ్నల్‌ను పెంచి, దాని గొంతును మలిచే, ర్యాక్‌లో బిగించే డబ్బాల) గురించి మాట మొదలైతే చాలు, లోపల ఎన్ని వాక్యూమ్ ట్యూబులున్నాయన్న లెక్క దగ్గరికే వెళ్తుంది. ఎడిఎ ఎంపీ-1లో రెండు, మార్షల్ జేఎంపీ-1లో రెండు, మీసా బూగీ ట్రైయాక్సిస్‌లో ఐదు. కాబట్టి ట్రైయాక్సిస్ గొప్పది, మిగతావి ఉత్తివి అనేస్తారు. ఆ లెక్కతో కొనేవాళ్లు చాలామంది తర్వాత ఇబ్బంది పడతారు. చెవికి తగిలే అసలు తేడా ట్యూబుల సంఖ్యలో కంటే ఇంకో చోట ఎక్కువగా ఉంది. బాస్, మిడిల్, ట్రెబుల్ అనే టోన్ కంట్రోళ్లు డిస్టార్షన్‌కి, అంటే ధ్వనిని కావాలనే చీల్చి కరుకెక్కించే దశకి, ముందున్నాయా, తర్వాత ఉన్నాయా అన్నదే ఆ చోటు.

వంటింట్లో చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది. తాలింపులో నూనెతో పాటు వేగిన కారం ఒక రుచి. దించాక పైన చల్లిన కారం ఇంకో రుచి. కారం అదే, చెంచా అదే, వేసిన సమయం మాత్రం వేరు. ప్రీయాంపులో బాస్ నాబ్ కూడా అంతే. డిస్టార్షన్‌కి ముందు తిప్పితే ఏ స్వరాలు ఎంత చీలతాయో మారుతుంది. తర్వాత తిప్పితే అప్పటికే చీలిన ధ్వనిలో కింది భాగం ఎక్కువో తక్కువో అవుతుంది, అంతే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఏ పాత యూనిట్ ముందు కూర్చున్నా పది నిమిషాల్లో దాని మంచి చోటు దొరుకుతుంది.

కొంచెం సర్క్యూట్ లోపలికి వెళ్దాం. ఈ యూనిట్లన్నింటిలోనూ వాడే ట్యూబు 12ఏఎక్స్7. యూరప్‌లో దీన్నే ఈసీసీ83 అంటారు. ఒక గాజు గొట్టంలో రెండు ట్రయోడ్లు ఉంటాయి, అంటే ఒక ట్యూబుతో రెండు దశలు పెంచుకోవచ్చు. కాగితం మీద దాని గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) 100. సర్క్యూట్‌లో పెట్టాక ఒక దశకు 50, 60 రెట్లు వస్తే మామూలు. ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లేటప్పుడు బాస్ ఎంత వదలాలన్నది చిన్న కెపాసిటర్లు తేలుస్తాయి. ఫెండర్ యాంపుల పద్ధతిలో కేథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) దగ్గర 1.5 కిలో ఓమ్ రెసిస్టర్, దానికి పక్కన 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. దాంతో గిటార్‌లోని బాస్ మొత్తం లోపలికి వస్తుంది. మార్షల్ బ్రైట్ చానల్లో అదే చోట 2.7 కిలో ఓమ్, 0.68 మైక్రోఫారడ్ పెట్టారు. అక్కడ 200 హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి కిందికి గెయిన్ తగ్గుతూ వస్తుంది. గిటార్ లావు తీగ, అంటే ‘ఈ’ (E) తీగ, మోగేది 82.4 హెర్ట్జ్ దగ్గర. అంటే ఆ తీగ మూలస్వరాన్ని ముందే కొంచెం అణిచి, దాని పై హార్మోనిక్‌లనే ఎక్కువగా తర్వాతి దశలోకి తోస్తున్నారు. మార్షల్ గొంతులో ఆ కరుకుదనం, ఆ కోత సగం ఇక్కడి నుంచే వచ్చాయి.

ట్రైయాక్సిస్: ముందు కోసి, తర్వాత నింపడం

1991లో వచ్చిన ట్రైయాక్సిస్‌తోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా సెట్ చేసేది దీన్నే. 1యూ (ర్యాక్‌లో ఒక అర) ఎత్తులో ఐదు 12ఏఎక్స్7 ట్యూబులు, 90 ప్రీసెట్లు (దాచుకునే సెట్టింగులు). తిప్పడానికి నాబ్‌లు లేవు, పైకి కిందికి నొక్కే బటన్లు, ఎర్రటి అంకెలు. రిథమ్‌లో రెండు, లీడ్ 1లో మూడు, లీడ్ 2లో మూడు, మొత్తం ఎనిమిది మోడ్‌లు, వాటికి గ్రీన్, ఎల్లో, రెడ్ అని రంగుల పేర్లు. రిథమ్ గ్రీన్ పాత ఫెండర్ క్లీన్ వైపు, లీడ్ 1 బ్రిటిష్ గొంతు వైపు మొగ్గుతాయి. లీడ్ 2 అసలైన బూగీ మార్క్ లీడ్ గొంతు. మెటాలికా వేదికల మీద ఏళ్ల తరబడి ఈ డబ్బాను వాడారు.

మీసా బూగీ మార్క్ సిరీస్ వంశంలో టోన్ స్టాక్, అంటే బాస్, మిడిల్, ట్రెబుల్ ఉన్న సర్క్యూట్ భాగం, లీడ్ గెయిన్ దశలకు ముందుంటుంది. అంటే తాలింపులో వేసిన కారం. మార్షల్ అలవాటుతో వచ్చినవాళ్లు బాస్ 6, మిడిల్ 6, ట్రెబుల్ 6 పెడతారు. లీడ్ 2లో ఆ బాస్ మొత్తం డ్రైవ్ దశల్లోకి వెళ్లి ముద్దయిపోతుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే లీడ్ 2 ఎల్లో పెట్టి, లావు తీగను అరచేతి అంచుతో నొక్కిపట్టి ఎనిమిదో వంతు స్వరాలు ఒకే వేగంతో కొడుతూ ఉండండి. బాస్ 1.5 దగ్గర ప్రతి దెబ్బా విడిగా, చెక్క మీద కొట్టినట్టు వినబడుతుంది. 3 దగ్గర ఒంటికి కాస్త కండ పడుతుంది. 4.5 దాటగానే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీ పూడుకుపోతుంది. ట్యూబు ముందు దెబ్బ నుంచి కోలుకోకముందే తర్వాతి దెబ్బ పడుతుంది. 6 దగ్గర కొట్టిన చోటు వినబడదు, ఒక బురద హోరు మాత్రమే మిగులుతుంది. గెయిన్ తగ్గించినా ఆ బురద పూర్తిగా పోదు. కారణం గెయిన్ ఒక్కటే కాదు, లోపలికి వెళ్లిన బాస్ కూడా.

అందుకని హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) ఉన్న గిటార్‌తో లీడ్ 2కి నేను చెప్పే మొదటి సెట్టింగ్ ఇది: గెయిన్ 7, ట్రెబుల్ 7, మిడిల్ 4, బాస్ 2, లీడ్ డ్రైవ్ 6.5, ప్రెజెన్స్ 4.5. ట్రెబుల్ ఇక్కడ నిజానికి గెయిన్ కంట్రోల్‌లా పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. 7 నుంచి 5కి దించితే ప్రకాశం మాత్రమే తగ్గదు, డిస్టార్షనే పలచబడుతుంది. మరి పోయిన బాస్ ఎక్కడి నుంచి తేవాలి? డైనమిక్ వాయిస్ ఉన్నది దానికే. ఇది డిస్టార్షన్ తర్వాత వచ్చే వి ఆకారపు ఈక్యూ, అంటే మిడ్‌లను తగ్గించి కిందా పైనా పెంచే సర్దుబాటు. పాత మార్క్ యాంపుల మీద ఐదు స్లైడర్ల గ్రాఫిక్ ఈక్యూతో జనం చేసేదాన్నే ఒకే అంకెలోకి తెచ్చారు. 0 దగ్గర మిడ్‌లు నిండుగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. 5 నుంచి 6.5 మధ్య కింద బరువు, పైన మెరుపు వస్తాయి. 8 దాటితే గదిలో ఒక్కరే వాయిస్తున్నప్పుడు అద్భుతంగా ఉంటుంది గానీ బేస్, డ్రమ్స్ కలిశాక గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

సోల్డానో గురించి ఒక్క మాట

సోల్డానో కంపెనీ ఎక్స్88ఆర్ 1980ల చివర్లో వచ్చిన మూడు చానళ్ల ప్రీయాంపు. లాస్ ఏంజిలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా కట్టిన పెద్ద ర్యాకుల్లో స్టీవ్ లూకథర్, మైకేల్ లాండావు లాంటి స్టూడియో గిటారిస్టులు వాడారు. దీని లీడ్ గొంతు మైక్ సోల్డానో 1987 నాటి ఎస్ఎల్ఓ-100 వంశానికి చెందింది. ఆ సర్క్యూట్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒకటుంది, 39 కిలో ఓమ్. ఒక గెయిన్ దశ కేథోడ్ దగ్గర, బైపాస్ కెపాసిటర్ లేకుండా ఆ రెసిస్టర్ పెట్టారు. మార్షల్ జేసీఎం800లో ఇలాంటి చోటే 10 కిలో ఓమ్ ఉంటుంది. విలువ ఎంత పెద్దదైతే ట్యూబు అంత చల్లగా, దాదాపు ఆగిపోయే అంచున పనిచేస్తుంది. తరంగంలో ఒక సగం తొందరగా, గట్టిగా తెగిపోతుంది, ఇంకో సగం మెత్తగా వంగుతుంది. సోల్డానోలో వినిపించే ఆ సాగే, జిగురులాంటి సస్టెయిన్‌కు ఈ అసమానపు కోత పెద్ద కారణం. టోన్ స్టాక్ చివర్లో ఉంటుంది కాబట్టి బాస్ 5, 6 పెట్టినా బురద కాదు. ఇప్పుడు దొరికే ధరకు మాత్రం, ర్యాక్ అలంకారం కాదు, ఆ గొంతే కావాలనుకునేవాళ్లకు తప్ప నేను సిఫారసు చేయను.

జేఎంపీ-1: ఒకే గొంతు, దాన్ని బాగా చెప్పే డబ్బా

1992లో మార్షల్ తెచ్చింది. 100 ప్రీసెట్లు, క్లీన్ 1, క్లీన్ 2, ఓడీ 1, ఓడీ 2 అని నాలుగు చానళ్లు. రెండు ఈసీసీ83లు, చుట్టూ ఆప్‌యాంపులు. ఐరన్ మెయిడెన్ గిటారిస్టుల ర్యాకుల్లో ఎన్నో ఏళ్లు ఉంది. గెయిన్, వాల్యూమ్ 0 నుంచి 20 వరకు, ఈక్యూ -6 నుంచి +6 వరకు. టోన్ డిస్టార్షన్ తర్వాతే, అంటే పైన చల్లిన కారం. అందుకే దీన్ని పాడుచేయడం కష్టం. ఏ విలువ పెట్టినా ఏదో ఒక మార్షల్‌లా వినబడుతుంది. ఇది దీని బలం, ఇదే దీని హద్దు కూడా.

ఓడీ 1లో గెయిన్ 13, 14 దగ్గర, బాస్ +2, మిడిల్ +1, ట్రెబుల్ 0, ప్రెజెన్స్ +2 పెడితే 80ల బ్రిటిష్ రాక్ రిథమ్ వచ్చేస్తుంది. ఓడీ 2 అదే గొంతుకు గెయిన్ పెంచినట్టు కాదు. పైభాగం కుదించుకుపోయి, నున్నగా, లీడ్‌కి అనువుగా ఉంటుంది. ఓడీ 2లో 20 పెట్టి రిథమ్ వాయించి, ఇది ఇసుక పోసినట్టుందని తిట్టేవాళ్లు ఒకసారి 9కి దించి వినాలి. నా లెక్కలో ఈ డబ్బా పేరు చెడింది ఆ ఒక్క అలవాటు వల్లే.

బాస్ షిఫ్ట్ అనే బటన్‌ను చాలామంది పట్టించుకోరు. బాస్ కంట్రోల్ ఏ ప్రాంతాన్ని పట్టుకోవాలో అది మారుస్తుంది. 4 ఇంటూ 12 క్యాబినెట్ (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న డబ్బా) మీద సాధారణంగా ఆఫ్ మంచిది. చిన్న 1 ఇంటూ 12 మీద ఆన్ చేసి వినండి, డబ్బా పెద్దదైనట్టు ఉంటుంది. వెనక రెండు రకాల అవుట్‌పుట్‌లు ఉన్నాయి, మాస్టర్ అవుట్‌లు, స్పీకర్ ధ్వనిని అనుకరించే స్పీకర్ ఎమ్యులేటెడ్ అవుట్‌లు. కంప్యూటర్‌లో క్యాబినెట్ ఐఆర్ (స్పీకర్ డబ్బా ధ్వనిని అనుకరించే ఫైలు) వాడుతుంటే మాస్టర్ అవుట్ నుంచే తీయాలి. ఎమ్యులేటెడ్ అవుట్ తీసి దాని మీద మళ్లీ ఐఆర్ వేస్తే పైభాగం రెండుసార్లు కోతకు గురై, దుప్పటి కప్పి వాయించినట్టు అవుతుంది.

ఎంపీ-1: మార్షల్ కాదు, కావాలని చూడొద్దు

ఎంపీ-1 ఈ మూడింటిలో వయసులో పెద్దది. మిడి (వాయిద్య పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డిజిటల్ భాష) ప్రమాణం 1983లో వస్తే, కాలిఫోర్నియాలోని ఎడిఎ 1987లోనే ట్యూబ్ ప్రీయాంపును మొత్తంగా మిడి చేతికి అప్పగించింది. 128 ప్రీసెట్లు. సాలిడ్ స్టేట్ (ట్యూబు లేకుండా), ట్యూబ్ క్లీన్, ట్యూబ్ డిస్టార్షన్ అని మూడు వాయిసింగులు. లోపలే స్టీరియో కోరస్. గిటారిస్టు పాల్ గిల్బర్ట్ తొలి రోజుల గొంతు అనగానే చాలామందికి ఇదే గుర్తొస్తుంది.

దీని గొంతు గట్టిగా, బిగుతుగా, కాస్త గాజులా ఉంటుంది. వేగంగా వాయించే లీడ్‌లో ప్రతి స్వరమూ అచ్చుగుద్దినట్టు విడివిడిగా వస్తుంది. బ్లూస్‌లో వేలి ఒత్తిడికి కరిగే మెత్తదనం కావాలంటే ఇందులో దొరకదు, దానికోసం ఇందులో రోజులు గడపొద్దు. ఓవర్‌డ్రైవ్ 1, ఓవర్‌డ్రైవ్ 2 అని రెండు గెయిన్లున్నాయి, వరుసగా ఒకదాని వెనక ఒకటి. రెండూ 9, 10 పెట్టేసి, ఇది తేనెటీగల తుట్టెలా ఉందంటారు. ఓవర్‌డ్రైవ్ 1ని 7 దగ్గర, 2ని 5 దగ్గర పెట్టి చూడండి. బాస్ +4, మిడ్ 0, ట్రెబుల్ +2, ప్రెజెన్స్ +2. వి ఆకారంలో మిడ్‌ను -8, -10కి దించడం ఆ కాలపు ఫ్యాషన్. ఇంట్లో బాగుంటుంది, బ్యాండ్‌లో మాయమవుతుంది.

సాలిడ్ స్టేట్ వాయిసింగ్‌ను చిన్నచూపు చూడకండి. సింగిల్ కాయిల్ పికప్‌తో, కోరస్ తక్కువ డెప్త్‌లో పెడితే 80ల సినిమా పాటల్లో విన్న ఆ మెరిసే క్లీన్ ఆర్పెజియో గొంతు ఇదే కోవ. ఈ పనిలో మిగతా రెండూ దీని ముందు నిలబడవని నా అభిప్రాయం.

హిస్ (సన్నటి బుస శబ్దం) మాత్రం ఉంది. ఎక్కువ గెయిన్ దగ్గర అది సహజం. నాయిస్ గేట్‌ను (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే పరికరాన్ని) గిటార్‌కి, ప్రీయాంపుకి మధ్య పెడితే ఈ హిస్‌ను అది తాకను కూడా తాకదు, ఎందుకంటే హిస్ పుట్టేది ప్రీయాంపు లోపల. గేట్ ఉండాల్సింది ప్రీయాంపు ఎఫెక్ట్స్ లూప్‌లో (బయటి ఎఫెక్ట్‌లు కలిపే సెండ్, రిటర్న్ జాక్‌ల మధ్య), రివర్బ్, డిలే కంటే ముందు. డిలే తర్వాత పెడితే ప్రతిధ్వని తోకలు తెగిపోతాయి.

సరిగ్గా పోల్చడం ఎలా

రెండు యూనిట్లను పోల్చేటప్పుడు 1 డెసిబెల్ ఎక్కువ మోగేదే మంచిదిగా వినబడుతుంది. మనిషి చెవి తీరే అంత. కాబట్టి ముందు శబ్ద స్థాయి కలపాలి. ఫోన్‌లో ఎస్‌పీఎల్ మీటర్ (శబ్ద స్థాయి కొలిచే) యాప్ అసలు విలువ సరిగా చూపకపోయినా పోల్చడానికి సరిపోతుంది. ఫోన్‌ను స్పీకర్‌కి ఒక మీటరు దూరంలో కదలకుండా పెట్టి, నెమ్మది స్పందన ఎంచుకుని, రెండు యూనిట్లూ అర డెసిబెల్ లోపు వచ్చేదాకా మాస్టర్ సర్దాలి. గెయిన్‌ను ముట్టుకోకూడదు.

వాయించే చెయ్యి కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. అందుకని గిటార్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్ హై జెడ్ (గిటార్ నేరుగా పెట్టే) ఇన్‌పుట్‌లో డిస్టార్షన్ లేకుండా రికార్డు చేసి, అదే ట్రాక్‌ను రీయాంప్ బాక్స్ (లైన్ స్థాయిని గిటార్ స్థాయికి దించే డబ్బా) ద్వారా ఒక్కో ప్రీయాంపులోకి పంపండి. రీయాంప్ బాక్స్ లేకుండా నేరుగా లైన్ అవుట్ కలిపితే స్థాయి ఎక్కువై ముందు దశే పగులుతుంది. ఆ తప్పుతో చేసిన పోలికలో అన్ని యూనిట్లూ ఒకే రకం గరుకుగా వినబడతాయి. రీయాంప్ స్థాయి సరిచూడటానికి సులువైన దారి: ఏదో ఒక ప్రీయాంపులో గిటార్ నేరుగా పెట్టి, డిస్టార్షన్ అప్పుడప్పుడే మొదలయ్యేంత తక్కువ గెయిన్‌లో వాయించండి. తర్వాత అదే ట్రాక్‌ను రీయాంప్ చేస్తూ, చీలిక అదే చోట మొదలయ్యేదాకా స్థాయి సర్దండి.

ఇంకో సంగతి. ప్రీయాంపు గొంతు అని మనం అనుకునే దానిలో చాలా భాగం స్పీకర్‌ను నడిపే పవర్ యాంపుది. స్పీకర్ ఇంపీడెన్స్ (కరెంటుకు చూపే అడ్డు) అన్ని స్వరాలకూ ఒకటి కాదు. 100 హెర్ట్జ్ చుట్టూ ఒక గుట్టలా లేస్తుంది, పై స్వరాల వైపు మెల్లగా ఎక్కుతుంది. ట్యూబ్ పవర్ యాంపు ఆ గుట్టలను అనుసరించి అక్కడ ఎక్కువ శక్తి పంపుతుంది. సాలిడ్ స్టేట్ యాంపు పట్టించుకోదు. అందుకే జేఎంపీ-1ని ట్యూబ్ పవర్ యాంపులోంచి తీసి సాలిడ్ స్టేట్ పీఏ యాంపుకి కలిపితే ఒక్కసారిగా పలచబడ్డట్టు అనిపిస్తుంది. చాలా ఐఆర్‌లతోనూ ఇదే జరుగుతుంది. అప్పుడు ప్రీయాంపును తప్పు పట్టకుండా, ఐఆర్‌కి ముందు 100 హెర్ట్జ్ దగ్గర 3, 4 డెసిబెల్‌లు, 3 కిలోహెర్ట్జ్ పైన 2, 3 డెసిబెల్‌లు పెంచి చూడండి.

మన ఊరి కరెంటు

ఈ యూనిట్లు ఇప్పుడు మనకు వచ్చేది ఎక్కువగా అమెరికా, జపాన్ పాత సామాను మార్కెట్ నుంచి. అన్నయ్యో, బావగారో అమెరికా నుంచి సూట్‌కేసులో తెస్తారు, ఇంట్లో 230 వోల్టుల సాకెట్ ఎదురుచూస్తుంటుంది. వెనక ప్లేట్ మీద ఏం రాసుందో చదవకుండా ప్లగ్ పెట్టకండి. అమెరికా యూనిట్‌కి 120, జపాన్ యూనిట్‌కి 100 వోల్టులు.

మన షాపుల్లో దొరికే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా 230 నుంచి 110 ఇస్తుంది. లెక్క వేద్దాం. ట్యూబు హీటర్‌కి (లోపల వేడెక్కే తీగకి) కావాల్సింది 6.3 వోల్టులు, 10 శాతం అటూ ఇటూ పర్వాలేదు, అంటే 5.7 నుంచి 6.9 దాకా. 120 వోల్టుల యూనిట్‌కి 110 ఇస్తే హీటర్‌కి 5.8 వస్తుంది, అంచులో ఉన్నా నడుస్తుంది. జపాన్ 100 వోల్టుల యూనిట్‌కి అదే 110 ఇస్తే 6.93, ఇది పై అంచు. ఇక రాత్రిపూట లైన్‌లో 245 వోల్టులు వచ్చిందంటే ట్రాన్స్‌ఫార్మర్ 117 ఇస్తుంది, హీటర్‌కి 7.4 దాకా పోతుంది. ట్యూబుల ఆయుష్షు తగ్గుతుంది, లోపలి రెగ్యులేటర్లు చెయ్యి పెట్టలేనంత కాలతాయి. జపాన్ యూనిట్‌కి 100 వోల్టుల అవుట్‌పుట్ చుట్టించుకోవడమే సరైనది. చుట్టే షాపులో ఏ కొలతకైనా చుట్టిస్తారు, 100 అని గట్టిగా చెప్పాలి.

హెర్ట్జ్ సంగతి కూడా ఉంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. 60కే లెక్కగట్టి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. జపాన్‌లో తూర్పున 50, పడమర 60 ఉంటాయి కాబట్టి అక్కడి మార్కెట్‌కి చేసిన యూనిట్లకు ఈ చిక్కు లేదు. మే నెల ఎండల్లో విజయవాడలాంటి చోట అమెరికా యూనిట్‌ను ర్యాక్‌లో ఇరికించి గంటల తరబడి నడిపితే ఆ తేడా తెలుస్తుంది. ట్యూబ్ యూనిట్ పైన కనీసం 1యూ, అంటే 44 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్త్. చవక స్టెప్‌డౌన్ డబ్బాల్లో చాలావాటికి అవుట్‌పుట్ వైపు రెండు చీలికలే ఉంటాయి, ఎర్త్ రంధ్రం ఉండదు. ఉన్నా లోపల వైరు కలిపి ఉండదు. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి, ఇన్‌పుట్ ప్లగ్ ఎర్త్ పిన్నుకి, అవుట్‌పుట్ సాకెట్ ఎర్త్ రంధ్రానికి మధ్య బీప్ వస్తుందో లేదో చూడాలి. రాకపోతే ఆ డబ్బా వాడొద్దు. ఎర్త్ లేని ర్యాక్‌కి కలిపిన గిటార్ తీగలు పట్టుకుని, పెదవి మైక్‌కి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లకు కూడా ఇదే మాట. హమ్ పోగొట్టాలంటే యూనిట్ చెవులకూ ర్యాక్ రెయిలుకూ మధ్య నైలాన్ వాషర్లు వేయండి, అన్నిటినీ ఒకే స్పైక్ బోర్డుకి కలపండి.

హమ్ ఎక్కడిదో దాని స్వరమే చెబుతుంది. 50 హెర్ట్జ్ లావు గుయ్యిమనే శబ్దమైతే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం) లేదా హీటర్. 100 హెర్ట్జ్, అంటే ఒక ఆక్టేవ్ పైన, కాస్త బుసలా ఉంటే పవర్ సప్లై కెపాసిటర్లు ఎండిపోయాయని అర్థం. ముప్పై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు అది మామూలే.

పాతబడ్డ యూనిట్‌లో ముందు చూడాల్సినవి

ప్రీసెట్లు నిలవకపోతే లోపలి మెమరీ బ్యాటరీ పోయిందన్నమాట. సాధారణంగా 3 వోల్టుల లిథియం బిళ్ల, బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. తీసేముందు నచ్చిన ప్రీసెట్ల అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి, బ్యాటరీ తీయగానే అవి పోతాయి. కొత్త బిళ్లకు నేరుగా సోల్డరింగ్ ఐరన్ ఆనించకూడదు, పగిలే ప్రమాదం ఉంది. హోల్డర్‌ను సోల్డర్ చేసి అందులో బిళ్ల పెడితే మళ్లీసారి రెండు నిమిషాల పని.

మూత తీసేముందు ప్లగ్ పీకాలి, కానీ అది చాలదు. పవర్ సప్లై కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. 22 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి, కెపాసిటర్ ప్లస్‌కీ ఛాసిస్‌కీ మధ్య పది సెకన్లు పట్టి ఉంచండి. మీటర్‌తో కొలిచి, 10 వోల్టుల లోపు వచ్చాకే చెయ్యి పెట్టండి.

ధ్వని ఉన్నట్టుండి సన్నబడుతూ, మళ్లీ వస్తూ ఉంటే ట్యూబులు మార్చడానికి పరుగెత్తకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ముందు అనుమానించాల్సింది ఎఫెక్ట్స్ లూప్ జాక్. ఏమీ పెట్టనప్పుడు సెండ్‌ను రిటర్న్‌కి కలిపే చిన్న రేకు స్విచ్ ఆ జాక్ లోపలే ఉంటుంది. దానికి చిలుం పడితే సిగ్నల్ అక్కడే ఆగుతుంది. సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక చిన్న కేబుల్ కలపండి. ధ్వని నిండుగా వచ్చేసిందా, దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ను ఇరవైసార్లు తోసి తీయండి. సైకిల్ చెయిన్‌కి కొట్టే నూనె స్ప్రే వద్దు, దుమ్మును పట్టి ఉంచుతుంది.

కీచుమనడం, గంటలా మోగడం ట్యూబు మైక్రోఫోనిక్ అయిన, అంటే కంపనానికి తానే మోగే, లక్షణం. యూనిట్‌ను ఆన్‌లో ఉంచి, గెయిన్ సగంలో పెట్టి, పెన్సిల్ వెనకవైపు రబ్బరుతో ఒక్కో ట్యూబును మెల్లగా తట్టండి, చెయ్యి మాత్రం లోపల ఇంకెక్కడా తగలకూడదు. మంచి ట్యూబును తడితే స్పీకర్‌లో చిన్న టక్ వస్తుంది, వెంటనే ఆగిపోతుంది. చెడింది టింగ్‌మని మోగుతూ సాగుతుంది. మొదటి గెయిన్ దశలో ఉన్న ట్యూబు ఎప్పుడూ కొంచెం ఎక్కువే పలుకుతుంది, దాని వెనక దశలన్నీ దాన్ని పెంచుతాయి కాబట్టి. అది టక్‌మన్నంత మాత్రాన పారేయకండి, మోత సాగుతోందా లేదా అన్నదే చూడాలి.

ట్యూబు మార్చేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చండి, లేకపోతే ఏది ఏం చేసిందో తెలియదు. ఎంపీ-1 మరీ కరుకుగా అనిపిస్తే ఒక స్థానంలో 5751 పెట్టి చూడొచ్చు, గెయిన్ 100కి బదులు 70. జేజే ఈసీసీ83ఎస్ పైభాగాన్ని కాస్త మెత్తబరుస్తుంది. పొడుగు ప్లేట్ల ట్యూబులు ఈ ర్యాక్ యూనిట్లలో, ముఖ్యంగా క్యాబినెట్ మీదే ర్యాక్ పెట్టేవాళ్లకు వద్దు, కంపనానికి తొందరగా మోగుతాయి.

ట్రైయాక్సిస్ కొనేవాళ్లు ఒక పని అదనంగా చేయాలి. ఇందులో పాట్‌ల (నాబ్ తిప్పితే నిరోధం మారే భాగాల) బదులు ఎల్‌డీఆర్‌లు ఉన్నాయి, అంటే చిన్న దీపం వెలుతురును బట్టి నిరోధం మారే భాగాలు. కాలం గడిచేకొద్దీ అవి దారి తప్పుతాయి. ఒక్కో కంట్రోల్‌ను 0 నుంచి 10 దాకా మెల్లగా పెంచుతూ వినండి. ఏ అంకె దగ్గరైనా ధ్వని గెంతినా, 3 తర్వాత 10 దాకా మార్పే లేకపోయినా ఆ ఎల్‌డీఆర్ పోయింది. డిస్‌ప్లేలో అంకెలు మాత్రం చక్కగా మారుతూనే ఉంటాయి, వాటిని నమ్మొద్దు. అమ్మేవాళ్లు వీడియో పంపితే అంకెలు మారడం కాదు, ఒకే స్వరం మోగుతుండగా ట్రెబుల్, బాస్, లీడ్ డ్రైవ్ మూడూ చివర నుంచి చివరకు మార్చి వినిపించమనండి.

మిడి పెడల్ కలిపాక నొక్కిన నంబరుకి పక్క ప్రీసెట్ వస్తోందా? యూనిట్ చెడలేదు. మిడి లోపల ప్రోగ్రామ్‌లు 0 నుంచి 127 వరకు, చాలా పెడళ్లు చూపేది 1 నుంచి 128. పెడల్ సెట్టింగులో ఒక అంకె జరిపితే సరిపోతుంది.